రాగి సీసాలో పచ్చ

నల్లగండ్లలో మా ఫ్లాటుకి వంటింటి వెనక చిన్న బాల్కనీ ఉంది. వాషింగ్ మెషీన్ పక్కన రెండు అరలు కొట్టించి దానికి ల్యాబ్ అని పేరు పెట్టుకున్నాను. ఆఫీసులో రోజంతా చేసేది చేత్తో పట్టుకు చూసేది కాదు కదా, ఆ కసంతా ఇక్కడ తీర్చుకునేవాణ్ణి. నాకు కావాల్సింది మాలకైట్, రాగి నుంచి భూమిలో పుట్టే పచ్చరాయి. భూమికి వేల ఏళ్ళు పట్టే పని నేను గాజు జాడీలో కానిచ్చేద్దామని! మైలుతుత్తం నీళ్ళలో సోడా కలిపితే నీలం బురద దిగేది, ఎండితే పచ్చటి పొడి మిగిలేది. రాయి మాత్రం కాలేదు. రెండో తరగతి చదివే మా అమ్మాయిని తలుపు ఇవతలే నిలబెట్టి, వెనిగర్‌లో రాగి తీగ వేసి, పులుపు రాగిని ఎలా తినేస్తుందో ఒకసారి చూపించాను.

మా ఆవిడది పుప్పాలగూడ. "ఇంట్ల పిల్లనుంచుకొని గా విషమేంది? జర ఫికర్ లేదా నీకు?" అనేది. నేను తాళం చూపించేవాణ్ణి, గ్లవ్స్ చూపించేవాణ్ణి, జాడీల మీద అంటించిన చీటీలు చూపించేవాణ్ణి. ఇంత జాగ్రత్తగా ఉండే నన్నా ఈ మాటలనేది అని ఒళ్ళు మండేది.

పొద్దున బడికి నీళ్ళ సీసా నింపడం నా వంతు. మా అపార్ట్‌మెంట్ యోగా క్లాసులో అందరివీ రాగి సీసాలే, మేమూ కొన్నాం. పైన చింతపండుతో తోమి మెరిపించేవాళ్ళం, లోపలికి చెయ్యి దూరదు. నిమ్మరసం, తేనె ఒంటికి మంచివని కూడా ఆ క్లాసులోనే విన్నాను. రెండు మంచి పనులూ ఒక్క సీసాలో అయిపోతాయని సంబరపడ్డాను.

వానలు మొదలయ్యాక పిల్లకి వాంతులు పట్టుకున్నాయి. బయటి తిండి మాన్పించినా తగ్గలేదు. శని, ఆదివారాలు బాగానే ఉండేది, సోమవారం మళ్ళీ మొదలు. నేను బడిని తిట్టాను. "నోట్లో చిల్లర పైసలు పెట్టుకున్నట్టుంది డాడీ" అనేది పిల్ల.

దవాఖానలో డాక్టరమ్మ, "ఇంట్లో కెమికల్స్ ఏమైనా ఉంటాయా?" అని అడిగింది. మా ఆవిడ నా వైపు చూసింది. బయటికొచ్చాక, "ఇగ గా బాల్కనీ ఖాళీ చేస్తవా, పిల్లను తీస్కొని ప్రగతి నగర్‌ల మా అక్క తానికి పొమ్మంటవా?" అంది. ఆ సాయంత్రమే జాడీలన్నీ అట్టపెట్టెలో సర్దాను. తాళం వెయ్యడం ఎప్పుడైనా మరిచానా? చేతులు సరిగ్గా కడుక్కోలేదా? ఎంత ఆలోచించినా గుర్తురాక ఏడుపొచ్చింది.

పిల్ల వచ్చి పెట్టెలోకి తొంగి చూసింది.

"రాయి రాలేదని ఏడుస్తున్నవా డాడీ?"

అవునన్నాను. పరుగెత్తుకెళ్ళి బడి సంచిలోంచి రాగి సీసా తెచ్చింది.

"నాకొచ్చింది చూడు. మమ్మీకి చెప్పకు, కడిగేస్తది."

మూత తీసింది. సీసా మెడ లోపల చుట్టూ పచ్చగా చిలుము పట్టి ఉంది. నేను నెలల తరబడి కలగన్న రంగు అదే. సీసా అందుకుని వాసన చూశాను, నిమ్మపులుపు.

మా ఆవిడ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. "ల్యాబ్ కాదు. రోజూ ఇందులో నేను పిండిన నిమ్మకాయ" అన్నాను.

ఆవిడ సీసా చేతిలోకి తీసుకుని లోపలికి చూసింది.

"పులుపు పోస్తే గిట్లయితదని నీకు తెల్వదా?"

నేను నోరు తెరిచేలోపే పిల్ల గర్వంగా చెప్పింది. "డాడీకి తెలుసు మమ్మీ. నాకు నేర్పిందే డాడీ."