ఒక్క నామినేషన్ మిగిలింది

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అంటారు. ఎక్కువే. దాన్ని తగ్గించుకోవడానికి ఈ ఊరు నాకు ఒక్క కారణమైనా ఇచ్చిందా?

మా ఊరు పాల్మాకుల దాటాక లోపలికి ఉంటుంది. నేను శంషాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్తాను. మా ఆయన ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడుపుతాడు. ఏటా ఆరో తరగతి పిల్లలకు గ్రామపంచాయతీ పాఠం చెప్తాను. ఇరవై ఒక్క ఏళ్ళు నిండి, ఆ ఊరి ఓటర్ల జాబితాలో పేరుంటే ఎవరైనా సర్పంచ్‌గా పోటీ చేయొచ్చని పిల్లల చేత రాయిస్తాను. ఎవరైనా అట! ఆ ముక్క రాసిన మహానుభావుణ్ణి ఒక్కసారి మా ఊరికి తీసుకొచ్చి నిలబెట్టాలి.

గొడవ సమాధుల దారి దగ్గర మొదలైంది. మేం క్రైస్తవులం. మా సమాధుల తోట ఊరి చివర ఉంది. దానికి పోయే బండి బాటను ఒకాయన తన ప్లాట్ల వెంచర్‌లో కలిపేసుకుని చుట్టూ ప్రహరీ కట్టాడు. మా అత్తమ్మ పోయినప్పుడు వాన. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే, శవపెట్టెను గోడ చుట్టూ తిప్పి, పక్క చేలో బురదలో దిగబడుతూ మోసుకుపోయారు. ఒకచోట పెట్టె ఒరిగింది. నేను కెవ్వుమన్నాను. ఆ రోజు ఏడవాల్సిన ఏడుపు నాకు ఇంకా రాలేదు, కోపమే వచ్చింది.

మర్నాడే పంచాయతీ ఆఫీసుకు పోయి అడిగాను. అక్కడ కూర్చున్న వాళ్ళు నా మాట పూర్తి కానివ్వలేదు. "మీ ఆయనను తోలియ్యి చెల్లె, మేం మాట్లాడుకుంటం" అన్నారు. మా ఆయన పోయాడు, చాయ్ తాగి వచ్చాడు.

ఆ వెంచర్ యజమానిని ఊరంతా అన్న అంటుంది. నేనూ ఇక్కడ అన్న అనే రాస్తున్నాను. గౌరవంతో కాదు, పేరు రాయడానికి మనసొప్పక.

ఈసారి మా సర్పంచ్ పదవి మహిళకు రిజర్వ్ అయింది. అన్న ఏమీ కంగారు పడలేదు. ఇంట్లో భార్య ఉంది కదా, ఆమె పేరు వేస్తే సరి. ఊరి పెద్దలందరినీ తన ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టి మటన్ పెట్టి ఏకగ్రీవం అన్నాడు. ఏకగ్రీవమైతే సర్కారు ఊరికి నిధులిస్తుందన్నాడు. పోటీకి వస్తారేమో అనుకున్న వాళ్ళకు తలా ఒక వార్డు పంచాడు. మాట వినని వాళ్ళ ఇళ్ళకు మనుషులు పోయారు. మహిళల సీటు గురించి జరిగిన ఆ మీటింగులో ఒక్క ఆడది లేదు. ఆ భార్యను కూడా పిలవలేదు.

నేను నామినేషన్ వేస్తానంటే మా ఆయన అన్నం ముందు నుంచి లేచాడు.

"ఊరికి లేని దురద నీకేందే? పిచ్చి గిట్ల లేచిందా?"

"మీ అమ్మ పెట్టె ఒరిగింది చూసినవా లేదా?"

"చూసిన. ఏం చేద్దాం మరి? ఇగ అయిపోయింది గద."

నామినేషన్‌ను ప్రతిపాదిస్తూ సంతకం పెట్టేవాళ్ళొకరు కావాలి, వాళ్ళూ ఊరి ఓటరే అయి ఉండాలి. మా చుట్టాల్లో అందరికీ ఆ రోజే పనులు వచ్చిపడ్డాయి. మా పక్కింట్లో ఒక ముస్లిం అక్క కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఆమెను అడగడానికి నోరు రాక గుమ్మంలో నిలబడ్డాను. ఆమే సూది పక్కన పెట్టి లేచింది. "ఏంది గట్ల నిలబడ్డవు? దస్కత్ గాదూ? నడువు" అంది. ఆ మాటకు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పక్క ఊరి పంచాయతీ ఆఫీసులో నామినేషన్లు తీసుకున్నారు. మా ఊరి సర్పంచ్ పదవికి పడినవి రెండే. ఒకటి అన్న భార్యది, రెండోది నాది. "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అంటూ నా ఎదుటే నవ్వాడు అన్న. చుట్టూ ఉన్న వాళ్ళూ నవ్వారు.

మర్నాడు పరిశీలన. అన్న భార్య నామినేషన్ తిరస్కరించారు. ఎందుకంటారా? ఆమెకు మా ఊళ్ళో ఓటే లేదు! రాజేంద్రనగర్‌లో ఫ్లాట్ కొన్నాక, అక్కడి కాలనీలో పలుకుబడి కోసం ఇంట్లో వాళ్ళ ఓట్లన్నీ అన్నే అటు మార్పించాడు. ఆ సంగతి మరిచిపోయి పాత జాబితా చూసి నంబరు రాయించాడు. ఊళ్ళో ఎవరు ఏం వండుకున్నారో తెలిసిన మనిషికి తన పెళ్ళాం ఓటు ఎక్కడుందో గుర్తులేదు. ఆమెకు గుర్తుందట. అడిగితే చెప్పేదాన్నని తర్వాత ఒకసారి నాతోనే అంది.

జాగ్రత్తకు ఇంకో మనిషి చేత నామినేషన్ వేయించాల్సింది. కానీ అందరినీ బెదిరించి ఆపింది ఆయనే కదా! ఎవరు తవ్విన గోతిలో వారే. పైకి అప్పీలుకు పోయాడు. అక్కడా అదే మాట చెప్పారు. ఇక మిగిలింది నా ఒక్కదాని నామినేషన్. నేను వెనక్కి తీసుకుంటే పోటీలో ఎవరూ ఉండరు, ఎన్నిక మళ్ళీ పెట్టాల్సి వస్తుంది, ఆలోగా ఆమె ఓటు ఊరికి తెచ్చుకోవచ్చు. తీసుకోకపోతే నేనే సర్పంచ్.

అప్పుడు చూడాలి మర్యాదలు! అన్న నా దగ్గరికి రాలేదు, మా ఆయన దగ్గరికి వచ్చాడు. కారులో కూర్చోబెట్టుకుని హిమాయత్ సాగర్ దాకా తీసుకుపోయాడు. వార్డు మెంబరైనా కాని మనిషికి ఉపసర్పంచ్ పదవి ఇప్పిస్తానన్నాడు. మా ఆయన ఇంటికొచ్చి నాతో ఒక్క మాట చెప్పలేదు, ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఉపసంహరణకు ఆఖరి రోజు నేను బడిలో ఉన్నాను. పక్కింటి అక్క ఫోన్ చేసింది. "నీ మొగడు అన్న కార్ల పోయిండు. చేతుల కాగితం ఉంది. జల్ది రా" అంది. క్లాసు వదిలేసి ఆటో ఎక్కాను. దారి పొడవునా నేను తిట్టిన తిట్లు విని ఆటో అతను అద్దంలో నన్నే చూస్తున్నాడు.

నేను నామినేషన్ల ఆఫీసు గుమ్మంలో అడుగుపెట్టేసరికి, నా పేరుతో ఉపసంహరణ కాగితం ఇచ్చి ఎన్నికల అధికారి ఎదుట మా ఆయన నిలబడి ఉన్నాడు. అధికారి కోస్తా వైపు మనిషి, మెల్లగా మాట్లాడుతున్నాడు.

"ఈ సంతకం ఎవరిదండీ?"

"నాదే సార్."

"అభ్యర్థి మీరు కాదు కదా?"

"మా ఆమె సార్. మా ఇంట్ల ఏ దస్కత్ అయినా నేనే పెడ్త. బ్యాంకుకైనా, బడికైనా."

మా ఆయన అందులో మోసమేమీ లేనట్టే చెప్పాడు. నన్ను మండించింది అదే. దొంగతనంగా చేస్తే ఒక తీరు. తన హక్కే అనుకుని చేశాడు.

"ఓటు కూడా ఆవిడ బదులు మీరే వేస్తారా?" అన్నాడు అధికారి.

మా ఆయన అడ్డంగా తలూపాడు. "లేదు సార్, ఆమెనే ఏస్తది. ఎవలకెయ్యాల్నో నేను చెప్త."

"ఇయ్యాల్టి నుంచి నువ్వేం చెప్పనక్కర్లేదు!" అని గుమ్మంలోంచే అరిచాను. ఆఫీసంతా తిరిగి చూసింది. అరవకూడదనే తెలివి నాకు లేక కాదు. అరవకపోతే ఎవరూ చూడరు.

అధికారి నన్ను కూర్చోమన్నాడు. "అమ్మా, మీరు పోటీ నుంచి తప్పుకుంటున్నారా?" అని అడిగాడు. ఈ ఊరికి కోడలిగా వచ్చాక నా నిర్ణయం ఏమిటని నన్ను అడిగిన మొదటి మనిషి ఆయనే. "తప్పుకోను" అన్నాను. గడువు దాటాక నన్ను ఏకగ్రీవంగా ఎన్నికైనట్టు ప్రకటించారు. ఆ మాట వినగానే, మొన్న నవ్విన నోళ్ళే జై కొట్టాయి. అన్న దండ తెప్పించాడు. తన భార్య కోసం ముందే చెప్పి పెట్టిన దండ అది, నా మెడలో వేయించి పక్కన నిలబడి ఫోటో దిగాడు. ఆ రాత్రికే ఫ్లెక్సీ కట్టారు. అందులో అన్న ఉన్నాడు, మా ఆయన ఉన్నాడు, కింద మూలన స్టాంపు బిళ్ళంత నేను.

సమాధుల దారి ఏమైందని అడుగుతారు. ఇంకా రాలేదు. సర్వేకు అర్జీ పెట్టాను, తిరుగుతున్నాను. గోడ అక్కడే ఉంది. ఆ మధ్య ఇంకో పెట్టె బురదలోంచే పోయింది. నేనూ వెనకే నడిచాను, సర్పంచ్‌నై ఉండి! ఆ సిగ్గు నాకే తెలుసు.

కానీ ప్రమాణం చేసిన రోజు సంగతి చెప్పి తీరాలి. పంచాయతీ ఆఫీసు ముందు చెప్పుల గుట్ట. ఆడవాళ్ళంతా బయట వరండాలో నిలబడ్డారు. నేను వాళ్ళందరినీ పలకరించి లోపలికి పోయేసరికి సర్పంచ్ కుర్చీలో మా ఆయన కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కూల్‌డ్రింకు. వచ్చిన వాళ్ళు వచ్చినట్టు "సర్పంచ్ సాబ్, ముబారక్" అని చేతులు కలుపుతున్నారు. ఆయన అందరికీ తలూపుతున్నాడు. పంచాయతీ కార్యదర్శి నాకోసం గోడ పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ లాగాడు.

నేను నేరుగా టేబుల్ దగ్గరికి పోయాను.

"లెవ్వు" అన్నాను.

"అందరున్నరే. పరేషాన్ చెయ్యకు. జర సేపు కూసుంటే ఏమైతది?" అన్నాడు నవ్వుతూ, పళ్ళ సందున.

"ఏమైతదో నాకు ఎరుకనే. ఇయ్యాల నువ్వు జర సేపు కూసుంటే, నేను అయిదేండ్లు నిలబడాలె. లెవ్వు."

 మా ఆయన అన్న వైపు చూశాడు. అన్న ఫోన్ చూసుకుంటున్నాడు. మా ఆయన లేచాడు. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. అందులోనే కూర్చున్నాను.