పెద్దమ్మ కథల కేసెట్టు

పాత సామాన్లు కొని అమ్ముకునే మా మేనల్లుడు మొన్న సంచౌంగ్ పేటలో మా ఇంటికొచ్చి, ఫోనులో ఒక వీడియో కేసెట్టు అట్ట చూపించాడు. కోటబురుజు మీద రాజకుమార్తె, కింద కిరీటం పెట్టుకున్న కప్ప. పిల్లల కథల్ని పెద్దవాళ్ల బూతు సినిమాలుగా తీసిన ఇలాంటి అనామకపు కేసెట్ల కోసం విదేశాల్లో సేకరించేవాళ్లు ఎగబడుతున్నారట, ఇదొక్కటే ఎవరికీ దొరకడం లేదట. ఇన్నేళ్ల తర్వాత కూడా దాన్ని చూడగానే లేచి వీధి తలుపు మూశాను.

మన ఈడు బర్మా తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మింగళ తౌంగ్‌న్యున్ స్టేషన్ దగ్గర వీడియో కొట్లు ఎన్ని ఉండేవో. మా మేనమామ కొట్లో నేను గుమాస్తాను. ఎవరో ఓడ పనివాడు తెచ్చిన ఈ కేసెట్టుతో దొరికితే జైలే కాబట్టి, అట్ట తీసి పారేసి, తనిఖీకొచ్చే బర్మా అధికారులకు మన లిపి రాదు కదా అన్న ధైర్యంతో, చీటీ మీద తెలుగులో ‘పేదరాశి పెద్దమ్మ కథలు’ అని గుండ్రంగా రాసి అంటించాను. మనవాళ్లు చదువుతారన్న సంగతి నా మట్టిబుర్రకు తట్టలేదు.

ఒక ఆదివారం నేను టీ కొట్లో లఫెయే తాగి తిరిగొచ్చేసరికి మావయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. గుడిలో పిల్లలకు తెలుగు చెప్పే మా అత్త, ఆయన లోపల ఉండగా వచ్చి, చీటీ చదివి మురిసిపోయి, కేసెట్టు పట్టుకుపోయిందట.

“పిల్లలకి ఏసెత్తాదిరా, పరిగెట్టు!” అన్నాడు.

పోలీసులు, జైలు, అమ్మ మొహం, అన్నీ కళ్ల ముందు తిరుగుతుండగా ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. గుడిలో చాపల మీద పిల్లలు టీవీకేసి చూస్తున్నారు, అత్త కేసెట్టు మెషిన్‌లో పెట్టబోతోంది. టేపు పాడైపోయిందని అబద్ధమాడి లాక్కున్నాను.

“ఏటిరా అలా వనికిపోతన్నావు? పెద్దమ్మ కతలకేటి బయం?” అని నవ్వి, ఆవిడే నోటితో ఒక కథ మొదలెట్టింది.

ఆ రోజే కేసెట్టును కుంపట్లో కాల్చేశాను. తర్వాత చాలాకాలం గుమ్మంలో బూట్ల చప్పుడైతే చాలు, ప్రాణం పోయేది.

ఇదంతా విని మేనల్లుడు తల పట్టుకుని, చీటీ మీద ఏం రాశానో చూపించమన్నాడు. కాగితం మీద రాసిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, “ఏటి మావయ్యా ఇది? నాకు సదవడం రాదు” అన్నాడు. అత్త పోయింది, గుడిలో తెలుగు బడీ మూతపడింది. ఎవరైనా చదివేస్తారేమోనని ఆనాడు అంత వణికాను గాని, చదివేవాళ్లే లేరన్న ఈనాటి భయం దానికంటే పెద్దది.