ఇనుప మనిషి వీపు మీద బోల్టు

తొంభైల్లో రాయపూర్ రైల్వే కాలనీలో, మా తెలుగువాళ్ల సమావేశంలో నేనొక మాట అన్నాను. ఆ రోజు నవ్వినవాళ్లు కొందరు ఇప్పటికీ ఎదురైతే ఆ మాట గుర్తుచేసి నన్ను మెచ్చుకుంటారు. అందుకే ఇది రాస్తున్నాను. ఆ మాట తప్పు.

మా అక్క భర్త వ్యాగన్లు బాగుచేసే షెడ్డులో ఫిట్టరు. ఆదివారం సాయంత్రాలు కాలనీ హాల్లో వీడియో వేసేవాళ్లం. క్యాసెట్ ఎంపిక బావది. ఆయన తెచ్చేవన్నీ ఒకటే రకం, హిందీలోకి మార్చిన ఇంగ్లిష్ సినిమాలు. వేరే గ్రహం నుంచి దిగిన ఇనుప మనుషులు, రబ్బరు తోకల రాక్షసులు, పొగలో పేలిపోయే అట్ట నగరాలు. వాటిలో విలన్ విశ్వాధిపతి మా ఊరి టాటీబంధ్ కూడలిలో ఇరుక్కుపోయిన లారీ డ్రైవరులా హిందీలో తిట్టేవాడు. హాలంతా ఈలలు. నాకు అవంటే ప్రాణం. పైకి మాత్రం అక్క పిలిస్తే వచ్చినట్టు ముఖం పెట్టేవాణ్ణి.

బావ పక్కన కూర్చుంటే ఇంకో సినిమా కనిపించేది.

"ఒరే, ఈడి ఈపు సూడు. ఆ బుడిపె ముందు సీన్లో లేదు. ఊడిపోనాది. మళ్లీ కొట్టేరు. వదిలీలేదు సూడు!" అని నా మోకాలి మీద చరిచేవాడు.

ఖరీదైన సినిమాల్లో పనివాడి చెయ్యి కనపడదు. వీటిలో ప్రతి అతుకూ కనపడుతుంది. ఎక్కడో పరాయి దేశంలో తనలాంటివాడెవడో సుత్తి పట్టుకున్నాడని బావకు సంబరం.

ఆ రోజుల్లోనే నేను రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కునయ్యాను. సమావేశానికి కొత్త ఆఫీసరుగారు వచ్చారు. "పిల్లలు చూసేవి కాస్త మంచి సినిమాలైతే బాగుంటుంది" అన్నారు. నేను లేచాను.

"నిజం సార్. ఆ రోబో వీపు మీద బోల్టు కూడా కనిపిస్తుంది. అంత చెత్త!"

హాలు ఘొల్లుమంది. బావ నా వంక ఒకసారి చూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఎంపిక నాకిచ్చారు. నేను అవార్డు సినిమాలు తెచ్చాను. మొదటిదాంట్లో ఒక ముసలాయన అరగంట సేపు వాన చూశాడు. మూడో ఆదివారానికి, తాళం తీసే వాచ్‌మన్‌తో కలిపి నలుగురం మిగిలాం. బావ ఒక్కరోజూ రాలేదు.

"ఏటన్నావురా ఆయన్ని?" అంది అక్క. "ఆదివారమైతే సాలు, గోడ గడియారం ఇప్పడం, మళ్లీ బిగించడం!"

నేను మాట మార్చేశాను. ఏళ్లు గడిచాయి. రాయపూర్ కొత్త రాష్ట్రానికి రాజధాని అయిన ఏడాది, బావ రిటైరయ్యాక, అదే ఇనుప మనిషి క్యాసెట్ వెతికి పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను.

"బావా, ఆ రోజు నేనన్నది తప్పు."

"తప్పే."

"నీకంటే నాకే ఆ సినిమాల పిచ్చి ఎక్కువ. ఆఫీసరు ముందు గొప్ప కోసం..."

"అది కాదెహె! అది బోల్టు కాదురా, రివిట్. బోల్టయితే ఇప్పి బిగించుకోవచ్చు. రివిట్ ఊడితే కొత్తది కొట్టాల. ఫిట్టరు బావమరిదివి, నలుగురిలో అలాగ మాటాడితే నా ఇజ్జత్ ఏటవ్వాల?"

నేను తల దించుకున్నాను. ఆయన క్యాసెట్ లాక్కుని తిరగేసి చూశాడు.

"బస్, సాల్లే. ఎయ్యి."

వేశాను. విశ్వాధిపతి తిట్లు మొదలెట్టాడు. ఇనుప మనిషి వెనక్కి తిరిగాడు. రివిట్ మెరిసింది. ఈసారి ఆయన మోకాలి మీద నేనే చరిచాను.

"మెల్లిగారా, మోకాలు నొప్పి" అన్నాడు బావ, తెర మీంచి కళ్లు తిప్పకుండా.