రేవతి లెక్కలోకి రాని శనివారాలు

2024 చివరి నెలలు. తిరుపతి కొర్లగుంటలో నా ఫిజియోథెరపీ క్లినిక్‌కు అప్పటికి పద్దెనిమిదేళ్లు. కానిస్టేబుల్ ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలు దగ్గర పడుతున్నాయి కాబట్టి, కాలో మడమో పట్టుకుని వచ్చే పిల్లలే ఎక్కువ. వాళ్లలో చాలామంది జబ్బు పేరు కూడా ఫోన్‌లో వెతికి పట్టుకొచ్చేవాళ్లు. నిజం చెప్పాలంటే నాకది చిరాకు. రోగమేదో వాళ్లే తేల్చుకుంటే నేనిక్కడ కూర్చోవడం దేనికని లోపల గొణుక్కునేదాన్ని.

రేవతిది బంగారుపాళ్యం పక్కన పల్లె. తల్లి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనికి వెళ్తుంది. ఈ అమ్మాయి తిరుపతిలో హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటోంది. మొదటి రాత పరీక్ష పాసైంది, ఇక పదహారు వందల మీటర్ల పరుగు గట్టెక్కాలి. వయసు లెక్క ప్రకారం ఆమెకు ఇదే ఆఖరి అవకాశం. పరుగుకు ఏడు వారాలుందనగా నా దగ్గరికి వచ్చింది.

"షిన్ స్ప్లింట్స్ మేడం," అంది, ఇంకా కూర్చోకముందే.

మోకాలి కింద ముందు వైపు ఎముక వెంబడి, కండరం అతుక్కునే చోట వచ్చే నొప్పిని అలా అంటాం. పరుగు సాధన చేసేవాళ్లకు మామూలే.

"ఎవరు చెప్పినారు?"

"నెట్‌లో చూసినా మేడం. పద్నాలుగు ప్రశ్నలు అడిగినాది. అన్నిటికీ జవాబు నొక్కితే ఇదే వచ్చినాది. ఐస్ పెడతా ఉండా, బ్యాండేజీ కట్టినా. తగ్గలా."

కాలు నొక్కి చూశాను. నొప్పి ఒకచోట కాకుండా జానెడు పొడవునా ఉంది. ఎంత పరుగెత్తుతున్నావని అడిగాను. రోజుకు రెండు కిలోమీటర్లు, నాలుగు నెలలుగా అంతేనంది. ఈమధ్య పెంచావా అంటే లేదంది. శని, ఆదివారాలు రెస్ట్ అని కూడా చెప్పింది. ఫోన్ చెప్పిందే నాకూ తోచింది. రెండు వారాలు పరుగు మానేయమని, కొన్ని వ్యాయామాలు నేర్పి పంపాను. ఈసారికి ఫోన్ గెలిచిందిలే అనుకున్నాను.

రెండు వారాల తర్వాత సోమవారం మళ్లీ వచ్చింది. కాస్త కుంటుతోంది.

"పరిగెత్తినావా?"

"అమ్మతోడు మేడం, ఒక్క దినం గూడా గ్రౌండుకు పోలా."

నొప్పి ఎక్కడో చూపించమంటే ఈసారి ఒక్క వేలితో ఒక్కచోట చూపించింది. ఆ కాలి మీద గెంతమన్నాను. హాప్ టెస్ట్ అంటాం. ఒక్క గెంతుకే బల్ల పట్టుకుంది. పరుగు మానేసినా నొప్పి పెరగడమేమిటో నాకు అర్థం కాలేదు. ఆలోచిస్తూ కాగితం రాస్తుంటే, సంచిలోంచి లడ్డూ పొట్లం తీసి నా ముందు పెట్టింది.

"ప్రసాదం మేడం. మొన్న శనివారం కొండకు పోయొచ్చినా."

"బస్సులోనా?"

"నడిచే మేడం. ఏడు శనివారాలు మెట్లెక్కతానని మొక్కుకున్నా, ఉద్యోగం రావాలని. మొన్నటికి అయిదు అయినాయి."

"దిగేటప్పుడు?"

"అదీ మెట్లే. చెప్పుల్లేకుండా."

పెన్ను కింద పెట్టేశాను. ఎక్కడం మూడు వేల అయిదు వందల మెట్లు, మళ్లీ దిగడం. అదీ ఉత్త పాదాలతో. వారానికి రెండు రోజులు రెస్ట్ అని నేను రాసుకున్నది ఈ అమ్మాయికే.

ఫోన్ తీసి ఆ పద్నాలుగు ప్రశ్నలు చూపించమన్నాను. ఆరోది, ఈమధ్య మీ వ్యాయామం పెంచారా అని. లేదు అని నొక్కి ఉంది.

"ఎందుకు లేదన్నావమ్మా?"

నా వైపు వింతగా చూసింది. "అది మొక్కు గదా మేడం. వ్యాయామం ఎట్లయితాది?"

నేనూ అదే ప్రశ్న అడిగాను, అదే జవాబు రాసుకున్నాను. కొండ కిందే పుట్టి పెరిగినదాన్ని, ఆ మెట్లు ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు. ఫోన్‌కు తిరుపతి తెలియదు. నాకు తెలుసు కదా!

ఎముకల డాక్టరు దగ్గరికి పంపితే ఎమ్మారై తీయించారు. ఎముకలో సన్నటి పగులు. స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే దెబ్బ తగలకుండానే పదేపదే పడిన భారానికి ఎముక చిట్లడం. ఎనిమిది వారాలు పరుగు మాటెత్తొద్దన్నారు. పరుగుకు అయిదు వారాలే ఉంది. మెట్లెక్కడం రెండు వారాల ముందే ఆపి ఉంటే బహుశా ఇంతదాకా రాకపోయేదని డాక్టరు నాతో విడిగా అన్నారు.

ఊరినుంచి తల్లి వచ్చింది. అంతా విని ఒక్కటే అడిగింది. "మిగిలిన రెండు వారాలు నేనెక్కితే సరిపోతాదా అమ్మా?"

ఎక్కమనీ వద్దనీ నేను చెప్పలేదు. రెండు శనివారాలూ ఆమె ఎక్కి వచ్చిందని తర్వాత తెలిసింది.

పరుగు పరీక్ష రోజు పొద్దున్నే రేవతి ఫోన్ చేసింది. వెనక విజిళ్లు వినిపిస్తున్నాయి.

"గ్రౌండు కాడ ఉండా మేడం. ఈ పొద్దు నొప్పి లేదు. అస్సల్లేదు."

నొప్పి తగ్గినంత మాత్రాన ఎముక అతకదు. ఆ మాట వందమందికి చెప్పి ఉంటాను.

"వద్దమ్మా. మధ్యలో విరిగితే ఆపరేషన్ దాకా పోతుంది. వచ్చేయ్."

"పిలస్తా ఉండారు మేడం, నా నంబరే," అంది. ఇంకో విజిల్ మోగాక, "సరే మేడం. పోను," అని పెట్టేసింది.

కాలు పూర్తిగా బాగైంది. ఇప్పుడు నాయుడుపేట దగ్గర ఒక కంపెనీలో షిఫ్టుల్లో పనిచేస్తోందట.

అప్పటినుంచి నేనెవరినీ ఏం వ్యాయామం చేస్తారని అడగను. సోమవారం నుంచి ఆదివారం దాకా కాళ్లు ఎక్కడెక్కడికి తీసుకెళ్లాయో, చెప్పులున్నాయో లేవో, రోజువారీగా చెప్పించుకుంటాను. ఫోన్‌లో చదివి వచ్చేవాళ్లను చూసి గొణుక్కోవడం కూడా మానేశాను. ఇంత చిన్న ప్రశ్న నేను నేర్చుకోవడానికి రేవతి కానిస్టేబుల్ ఉద్యోగం పోయింది.