సీటు కింద రాయి

నిన్న అమ్మకానికి పెట్టిన మా పికప్ బండిని చూడటానికి కావలి నుంచి ఒకాయన వచ్చాడు. బానెట్ ఎత్తాడు, టైర్లు తన్ని చూశాడు, చివరికి సీటు కిందికి తొంగిచూసి కొబ్బరికాయంత రాయిని బయటికి లాగి నవ్వాడు. "ఇది కూడా బండితో వస్తాదా సార్?" అన్నాడు. రాదన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, రాయిని మర్యాదగా ఉన్నచోటే పెట్టేశాడు. ఆయన వెళ్ళాక, చాలాకాలంగా ఎరగని వాసన ఒకటి తగిలింది. నిజంగానే తగిలిందో, రాయిని చూసి ముక్కే గుర్తు చేసుకుందో చెప్పలేను.

మా ఇంట్లో ముక్కుకు ప్రసిద్ధి మా పెద్ద మేనత్త. వీధి చివర ఎవరో వెన్న కాస్తుంటే అది గేదెదో ఆవుదో మా వాకిట్లోంచే చెప్పేది. ముక్కుతో పాటు మా వంశపు వంగని నడుము కూడా ఆమెకే పూర్తిగా వచ్చింది. కుర్చీకి వీపు ఆనించి కూర్చోగా నేనెన్నడూ చూడలేదు. నాకూ కొంత వచ్చింది. ఆ నడుముతోనే జువ్వలదిన్నె వైపు జాలరి పాలేలకు చేపల ఐసు తోలుతూ బతికాను. వెనక ఐసు కరిగి కారుతున్నా, స్టీరింగ్ ముందున్నది ఎవరి మనవడో చూసేవాళ్ళకు తెలియాలని ఇస్త్రీ చొక్కా లేకుండా బండి ఎక్కేవాణ్ణి కాదు.

అప్పటికి మాకు మిగిలిన గౌరవం ఒక్కటే. ఒడ్డున ఉన్న ఒక పాలెంలో కొత్త పడవ నీళ్ళకు దిగితే మొదటి కొబ్బరికాయ మా ఇంటివాళ్ళ చేత్తోనే కొట్టించేవారు. పడవలకు చెక్క మా మామిడితోపు నుంచి వెళ్ళిన రోజుల్లో పుట్టిన ఆచారం అది. తోపు చేతులు మారి రొయ్యల గుంటలైంది. పడవలు ఫైబరువి అయ్యాయి. ఆచారం మాత్రం, పండగ అయిపోయినా ఎవరూ తీయని తోరణంలా ఉండిపోయింది. ఒక ఏడు అలాగే కబురొచ్చింది, మర్నాడు పొద్దున పోటు వేళకు రమ్మని. సముద్రం పోటు ఎవరికోసమూ ఆగదు. మేము చేరకపోతే ఇంకెవరో కొడతారు. ఒకసారి ఇంకొకరు కొట్టాక మళ్ళీ మమ్మల్ని పిలవాల్సిన పనేముంది?

ఆ ఉప్పుగాలిలో తిరిగే బండ్లకు హ్యాండ్ బ్రేకు ఎవరూ లాగరు. కేబులు తుప్పుపట్టి ఉంటుంది, లాగితే మళ్ళీ వెనక్కి రాదు. ఐసు బండ్లవాళ్ళం ఎక్కడ ఆపినా చక్రం కింద రాయి పెడతాం. ముందురోజు సాయంత్రం ఇంటి ముందు నేను అలాగే పెట్టబోతుంటే అత్తయ్య గుమ్మంలోంచి చూసింది.

"ఏందిరా అది? బాడుగ బండోడి మాదిరి మన వాకిట్లో రాయి పెడతావా? పొద్దున్నే పెద్దరికానికి పోతుండాం!"

ఆమె అన్నదని కాదు, ఆ మాట నాకూ సబబుగానే తోచింది. రాయి అవతల పారేసి హ్యాండ్ బ్రేకు లాగాను.

మర్నాడు గంజిపెట్టిన పంచె, కండువాతో నేను, పట్టుచీరతో అత్తయ్య బయల్దేరాం. ఆమె వైపు అద్దం ఎప్పుడో బిగుసుకుపోయింది. తలుపు బయట నుంచి తీస్తేనే వచ్చేది. గుంటల మధ్య కట్ట మీదికి ఎక్కాం. ఒక్క బండికే దారి, రెండు వైపులా నీళ్ళు. వెనక రొయ్యల మేత ఆటో ఒకటి హారన్ కొడుతోంది.

"అబ్బయ్యా, ఏందో కాలతుండాది."

"ఎవరో గడ్డి తగలబెడతుంటారు అత్తా."

"గడ్డి కాదు. రబ్బరూ కాదు." కళ్ళు మూసుకుని వాసన చూసింది. "చేదుగా ఉండాది. ఇనుం మీద ఏందో మాడతుండాది."

బండి బరువుగా లాగుతోందని నాకూ తెలుస్తూనే ఉంది. ఆపి బానెట్ ఎత్తాను. వైర్లు చల్లగా ఉన్నాయి. ఇంతలో ఆటోవాడు తల బయటపెట్టి అరిచాడు.

"అన్నా, సాంబ్రాణి యేసినావా ఏంది? నీ ఎనక చక్రం పొగలు పోతుండాది!"

వెనక ఎడమ చక్రం దగ్గర చెయ్యి నిలవలేదు. బ్రేకు పట్టేసింది. హ్యాండిల్ కిందికి దిగింది గానీ కేబులు దిగలేదు. ముందుకు పోతే మంట లేస్తుంది, వెనక ఆటో, పక్కలకు నీళ్ళు. ముందు అత్తయ్యను దించుదామని తలుపు తీశాను.

"మనింటి ఆడోళ్ళు నడిదారిలో దిగరు. గడప కాడ ఎక్కితే గడప కాడే దిగాల."

"అంటుకుంటే?"

"కూర్చున్న కాడే కాలతా. నువ్వు పోటు సంగతి చూడు."

"అవ్వా, నువ్వు కాలితే కాలు, నా మేత కాలతాదే!" అని ఆటోవాడు మొత్తుకున్నాడు. అత్తయ్య నా చేతే తలుపు వేయించింది.

వాడు బకెట్టుతో నీళ్ళు తెస్తే వద్దన్నాను. కాలిన బ్రేకు డ్రమ్ము మీద పోస్తే పగులుతుంది. చక్రం జాకీ మీద లేపి కింది నుంచి కేబులు వదిలించాలి. కానీ ఆ చోట కట్ట తూము వైపు వాలుగా ఉంది. ఒక వెనక చక్రం లేపితే ఇక గేరు బండిని పట్టుకోదు, అత్తయ్యతో సహా జారి గుంటలోకి పోతుంది. ముందు చక్రానికి రాయి కావాలి. ఆ కట్టంతా బంకమట్టి. ముందురోజు పారేసిన రాయి కళ్ళముందు ఆడింది. నేనూ ఆటోవాడూ రాయి కోసం అటూ ఇటూ తిరుగుతుంటే, లోపల అద్దం మీద ఉంగరంతో టకటక వినిపించింది. వెళ్ళి తలుపు తీశాను.

అత్తయ్య దిగింది. కొంగు భుజాల నిండా కప్పుకుని, ఎవరి వంకా చూడకుండా కట్ట దిగువకు నడిచింది. "ఈడ్నే గదా మన తోపు హద్దు" అంటూ గడ్డిని కాలితో తొలగించి, విరిగిన హద్దురాయి ముక్క ఒకటి తీసింది. అది నిజంగా మా హద్దురాయేనా అని నేనడగలేదు. దాన్ని తనే మోసుకొచ్చి, చక్రం కింద తనే వంగి పెట్టింది. ఆ నడుము వంగగా నేను చూసింది అదే మొదలు.

"ఊ, ఇంక దూరు కిందికి" అంది.

గంజి పంచెతో బండి కింద వెల్లకిలా పడుకున్నాను. కేబులు నట్టు వదులు చేసి, డ్రమ్ము వెనక లివరును స్పానరుతో తట్టగా తట్టగా, చివరికి టక్కున వెనక్కి పోయింది. చక్రం చేతితో తిప్పితే తిరిగింది. డ్రమ్ము చల్లారేదాకా కట్ట మీదే నిలబడ్డాం. బయల్దేరేటప్పుడు ఆ హద్దురాయి ముక్కను తీసి సీటు కింద పెట్టాను.

చేరేసరికి పడవ నీళ్ళలో ఉంది. బోటు యజమాని తల్లి కొబ్బరికాయ కొట్టేసింది. ఎందుకు ఆలస్యమైందని ఒక్కరూ అడగలేదు. అందరికీ పంచినట్టే మా చేతుల్లోనూ తలో ముక్క పెట్టారు. నేను గ్రీజు పంచెతో బిర్రబిగుసుకుని నిలబడ్డాను. అత్తయ్య ముక్క కొరికి, "ముదురుకాయే గానీ తియ్యగా ఉండాది" అంది. తర్వాత ఆ ముసలామె పక్కన వలల కుప్ప మీద కూర్చుని, దానికి వీపు ఆనించి, ఆమెతో మోకాళ్ళ నొప్పుల సంగతి మాట్లాడింది.

ఆ తర్వాత మాకు కబురు రాలేదు. అత్తయ్య కూడా ఇప్పుడు లేదు. ఆ రోజు గంటసేపు ఆలస్యమైందని తిరిగొచ్చే దారంతా కుమిలిపోయాను. నిన్న ఆ రాయిని చేతిలోకి తీసుకుని చూస్తే అనిపించింది, అందరిలో ఇద్దరిగా మేము ఆ ఒడ్డుకు చేరింది ఒక తరం ఆలస్యంగా అని.