పోగుకు కట్టిన బొమ్మ

"ఏడే ఉండాయి వదినా. ఎనిమిదోది యాడ పెట్టినావు?"

"నేనెందుకు పెడతా? నీ బొమ్మలు నీ డబ్బాలో ఉంటాయి. నా పని నాకుంటుంది."

"పొద్దున ఊడ్చింది నువ్వే గదా. చెత్తలో ఎత్తి పారేసింటావు."

"పారేసింటే పారేసినా అని చెప్తా. నీకు భయపడి దాచుకునేదాన్నా మే నేను?"

"అవంటే నీకు మొదటినుంచీ కడుపుమంటనే."

మా ఆడబిడ్డ అన్న దానికి నేనొక మాట అంటి. ఆ మాట తర్వాత చెప్తా. ఇద్దరమూ గొంతు పెంచింది లేదు. మా ఇంట్లో మగ్గం ఆడతాంటే గట్టిగా మాట్లాడేది అలవాటు. ఆ మాపటేళ మగ్గం నిలిచిపోయుండాది. మెల్లగా అన్న మాటలే గోడలకు తగిలి వెనక్కి వచ్చినాయి.

ఇది నలభై ఏండ్ల కిందటి తక్రారు. మరిచిపోయినా అనే అనుకుంటాంటి. పోయిన వారం మా ఆడబిడ్డ కూతురు కుందుర్పి నుంచి వచ్చి, చేతిసంచిలో నుంచి ఒక రేకు డబ్బా తీసి నా ముందర పెట్టింది. "అమ్మ సామాన్లు సర్దుతాంటే దొరికింది అత్తా. నీకే ఇయ్యమని ఎప్పుడో చెప్పింది" అనింది. మా ఆడబిడ్డ పోయి మూడు నెలలైంది. మూత తెరిస్తే లోపల దూది, దూదిలో వరసగా ఎనిమిది గుంతలు, ఏడు గుంతల్లో ఏడు బొమ్మలు. ఎనిమిదోది ఖాళీ. ఇన్నేండ్లలో ఎవరూ దాన్ని ఇంకోదానితో నింపలేదు. "ఒకటి యాడనో పోయినట్లుంది" అనింది ఆ పాప. పోలేదు. అది నా పసుపు డబ్బా అడుగున ఉండాది. నేను ఆ పాపకు కాఫీ పెట్టిచ్చి, ఈ యేడు శనక్కాయ ఎట్లుందని అడిగినా. ఆ పాప చెప్పింది, నేను విన్నా.

మా ఆడబిడ్డ అంటే మా ఇంటాయన చెల్లెలు. పెండ్లయిన మూడో యేటికే ధర్మవరంలో మా ఇంటికి తిరిగొచ్చేసింది. మొగుడు చెడ్డోడని చెప్పలేను. కొట్టలేదు, తిట్టలేదు, తాగింది లేదు. పలికేటోడు కాదు, అంతే. చేను నుంచి వస్తాడు, తింటాడు, గోడకానుకోని కూర్చుంటాడు. "గోడ నయం వదినా, గోడకు వండి పెట్టే పనుండదు" అని ఒకసారి అనింది. ఇంట్లో అందరమూ నవ్వితిమి. పెద్దమనుషుల ముందర కూర్చొని చెప్పుకునే కష్టమేమన్నానా అది? అందుకే ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు, వెనక్కి పోనూ లేదు. మా ఇంట్లో రాట్నం ముందర కూర్చొని కండెలు చుట్టేది. పట్టు పోగు ఆమె వేళ్ల మధ్యన తెగకుండా పారేది. అట్లాంటి చెయ్యి మా వీధిలో ఇంకొకరికి లేదు. నేను మనుషులను అంత సులభంగా మెచ్చుకోను, దీన్ని మాత్రం అప్పుడే ఒప్పుకుంటి. ఆమె ముందర కాదు.

ఆ కాలంలో పండ్లు తోముకునే పొడి డబ్బా ఒకటి వచ్చేది. పేరు ఇప్పుడు గుర్తు లేదు, పొడి మాత్రం గులాబి రంగు. మేమంతా వేపపుల్లో బొగ్గో వాడేవాళ్లం. మా అత్త దవడలు వదులై పుల్ల నమలలేక ఆ పొడి తెప్పించుకునింది. తెప్పించిన పొద్దే, వేలు పెట్టి పొడి తీసి నోట్లో వేసుకోబోతే అందులో ఒక మనిషి ఉన్నాడు. వేలెడంత ప్లాస్టిక్ మనిషి, తలకు గాజు బిందె బోర్లించినట్లు టోపీ. మా అత్త "ఎవురప్పా వీడు" అని వాడినే అడిగింది. డబ్బా పక్కన చూస్తే ఎనిమిది బొమ్మలు వరసగా అచ్చేసుండాయి. ఏ డబ్బాలో ఏది ఉందో తెరిస్తేగాని తెలీదు. చంద్రుని మీద మనుషులు కాలు పెట్టి అప్పటికి పదేండ్లు దాటింటుంది. వీళ్లు అంతకంటే దూరం, ఏవో నక్షత్రాల నుంచి వచ్చినోళ్లంట. నేను చదివింది మూడో తరగతి. అచ్చులో ఉన్నంత చదివి చెప్తి, అంతకు మించి నాకు తెలీదు.

ఆ బిందె టోపీవాడిని మా ఆడబిడ్డ కడిగి, తుడిచి, కిటికీలో నిలబెట్టింది. ఆ పొద్దు నుంచి వాటి పిచ్చి పట్టుకునింది ఆమెకు. మా ఇంట్లో పొడి అయిపోయే దాకా ఆగల్ల, అది ఆరు వారాలు. ఆమెకు ఓపిక లేదు. పక్కిండ్లలో ఎవరు ఆ డబ్బా కొన్నా ఈమెకు కబురొచ్చేది. వాళ్ల కండెలు నాలుగు చుట్టిచ్చి బొమ్మ తెచ్చుకునేది. ఒకడు ట్రంకుపెట్టెకు కాళ్లు వచ్చినట్లుంటాడు, నెత్తిన కొమ్ము. ఒకడిది చేప మొగం. ఒకామెకు నడుముకు తుపాకి. ఆమెను చూసి మా వీధి ఆడోళ్లు శానా సంతోషపడినారు. ఒకడు గాల్లో కూర్చుని ఉంటాడు. వాడి బండి వేరే ఉంటాదేమో, మాకైతే రాలేదు. కింద పెడితే వెల్లకిలా పడేవాడు, అగ్గిపెట్టె మీద కూర్చోబెడితే కుదురుగా ఉండేవాడు. మోకాలి మీద కూర్చున్నోడు నాలుగుసార్లు వచ్చినాడు. వచ్చిందే మళ్లీ వస్తే ఆమె మగ్గం దగ్గరికి పోయి వాళ్లన్న వీపు వెనక కాసేపు నిలబడి వచ్చేది.

నేను ఊరుకోలేదు. ఇంత వయసొచ్చి ఈ బొమ్మలేంది, ఇంకొకరి కండెలు చుట్టే చేత్తో మన కండెలు ఇంకో నాలుగు చుట్టగూడదా అని అంటాంటి. ఆమె చుట్టే కండెలు ఒక్కపొద్దు కూడా తక్కువ కాలేదు. అయినా అంటాంటి. అనేది నాకు అలవాటు.

ఎనిమిదోది నాలుగు చేతులోడు. రెండేండ్లు దొరకలేదు. కడాకు బత్తలపల్లె సంతలో గాజులమ్మే ఆమె బుట్టలో కనిపించిందంట. చేతికి ఏసుకునే గాజులు ఏసుకోకుండా దాన్ని అడిగి తెచ్చుకునింది. దసరా వారం అది. మా ఇంట్లో బొమ్మల కొలువు పెట్టేది ఉంది. అరిగిపోయిన మగ్గం దండెలు, పలకలు మెట్లు మెట్లుగా పేర్చి పంచె పరుస్తాం. అందరు దేవుళ్లూ అయినాక, సరుకుల అంగడి పెట్టుకోని కూర్చునే చెట్టియారూ ఆయన పెండ్లామూ అయినాక, కింది మెట్టు మీద ఈ ఎనిమిది మందినీ నిలబెట్టింది. మా అత్తకు చూపు మందగించింది. హారతి అయినాక ఒక్కొక్క బొమ్మనూ తడుముకుంటా వచ్చి, ఈ నాలుగు చేతులోడి దగ్గర ఆగింది. చేతులు లెక్కపెట్టింది. "కిందెందుకు పెట్టినారమ్మా ఈయప్పను" అని మందలించి, నొసట కుంకుమ పెట్టి పైమెట్టుకు ఎక్కించింది. దేవుడు కాదని చెప్పేదానికి మాకెవరికీ నోరు రాలేదు. తొమ్మిది దినాలూ పైనే ఉన్నాడు, పండూ టెంకాయా తీసుకున్నాడు. ఆ కుంకుమ ప్లాస్టిక్‌లోకి ఇంకిపోయి, ఎంత కడిగినా పోలేదు. ఇప్పటికీ ఉండాది.

ఆ మాఘంలో మా అత్త పోయింది. తాళాలు నా నడుముకు వచ్చినాయి.

ఆ యేడు వాన లేదు. మాకు కరువు కొత్త కాదు, శనక్కాయ ఎండేది చూసి చూసి కండ్లు అలవాటు పడినాయి. నేసేవాళ్లకు ఇంకొక బాధ ఉంటుంది. గాలిలో తడి లేకపోతే పట్టు తెగుతాది. మగ్గం గుంతలో చెంబుతో నీళ్లు చల్లుతాం, తడిగోనె ఏలాడేస్తాం. తాగే నీళ్లకే బోరింగు దగ్గర వరస కట్టే దినాల్లో గుంతకు ఎన్ని పోస్తాం? పోగు తెగితే ముడేస్తారు. కొస దొరక్కుండా పాయెనా, కొత్త పోగు తగిలించి, మగ్గం వెనక దానికొక చిన్న బరువు కట్టి ఏలాడేస్తారు, బిగువుగా నిలిచేదానికి. బరువు ఎక్కువైతే పట్టు మళ్లా తెగుతాది, తక్కువైతే వదులవుతాది. చీర ముందుకు సాగే కొద్దీ ఆ బరువు పైకెక్కుతుంది. ఆ యేడు మా మగ్గం వెనక గుండీలు, చింతగింజలు, పాత తాళంచెవులు, ఒక ముక్కుపుడక మర కూడా ఏలాడేవి.

దసరా ముందర కుందుర్పి నుంచి ఆమె మొగుడూ, ఆయన అక్కా వచ్చినారు. అక్కే మాట్లాడింది, ఆయన గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఇన్నేండ్లయింది, పంపిస్తే తీసుకోని పోతాం, లేదంటే లేదని చెప్పండి అనింది. వాళ్లు పోయినాక మా ఆడబిడ్డ వాళ్లన్న దగ్గర కూర్చొని, "నేను ఈడనే ఉంటా అన్నా. కండెలు చుడతా, కొలువు చూసుకుంటా" అనింది. ఆయన మగ్గం ఆపకుండా, "మీ వదిన్ని అడుగు" అన్నాడు. ఆమె నా దగ్గరికి వచ్చి అడగలేదు. పిండి కలుపుతాంటే పక్కన కూర్చొని చపాతీలు ఒత్తింది, అదే అడిగినట్లు. నాకు తెలుసు. "దసరా పోనీలే, చూస్తాం" అంటి. ఉండు అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఇల్లు నా చేతికొచ్చి ఎనిమిది నెలలు కాలేదు, అడిగిన వెంటనే ఇస్తే చులకనైపోతా అనుకుంటి.

ఆ తర్వాత నాలుగో దినమే ఈ తక్రారు. కొలువుకని డబ్బా తీస్తే ఏడే ఉండాయి. మా ఇంటాయన జరీ కోసం షావుకారు ఇంటికి పోయినాడు, ఇంట్లో లేడు. మాటకు మాట పెరిగింది. నాకు కడుపుమంట అనింది గదా, దానికి నేను అన్న మాట ఇది.

"ఇది ఇప్పుడు మీ అమ్మ ఇల్లు కాదు మే. నచ్చకపోతే నీ ఇల్లు నీకుండాది."

ఆమె డబ్బా మూత పెట్టింది. మూత ఒకతట్టు పడదు, బొటనవేలితో నొక్కల్ల. నొక్కింది. "సరే వదినా" అనింది.

కుందుర్పిలో ఆమె ఏమీ అన్యాయమైపోలేదు. ఇద్దరు ఆడపిల్లలు పుట్టినారు. మొగుడు కడదాకా పలకలేదంట, పిల్లలతో కూడా అంతంతేనంట. రాట్నం మాత్రం మళ్లా ముట్టుకోలేదు, ఆ ఊర్లో మగ్గాలు లేవు. పెండ్లిండ్లకూ చావులకూ నేను పోతి, ఆమె వచ్చింది. బాగున్నావా అంటే బాగున్నా. నాలుగు చేతులోడిని పోయినప్పుడల్లా తీసుకోని పోవల్ల అనుకుంటాంటి. సంచి సర్దేటప్పుడు మరిచిపోతాంటి. ఒకట్రెండు సార్లు మరిచిపోలేదు, అయినా తీసుకోని పోలేదు. ఇచ్చినానంటే ఎట్ల దొరికిందో చెప్పల్ల. ఎప్పుడు దొరికిందో చెప్పల్ల. ఆ తక్రారు మరుసటి పొద్దున ఏం జరిగిందో అది చెప్పి ఊరుకుంటా.

పొద్దున లేచేసరికి ఆమె తల దువ్వుకొని, గుడ్డలు సంచిలో పెట్టుకొని కూర్చోనుండాది. "పోతా అన్నా" అనింది. ఆయన నా మొగం చూసినాడు. నేను సద్ది కడతాంటి. రొట్టెలు, శనక్కాయల పొడి, ఎప్పుడూ కట్టేదానికంటే రెండు రొట్టెలు ఎక్కువే కడితి. బొమ్మ మాట ఆమె వాళ్లన్న దగ్గర ఎత్తలేదు. ఆయన సంచి ఎత్తుకొని బస్టాండు దాకా పోయినాడు. అరగంటకంతా తిరిగొచ్చినాడు. కుందుర్పి పోయేదానికి ఎక్కే కళ్యాణదుర్గం బస్సు నిండేదాకా కదలదు, మగ్గం నిలిచిపోతాది, నువ్వు పో అన్నా అని ఆమే పంపించేసిందంట.

ఆయన గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. నేను చెంబు తీసుకోని నీళ్లు చల్లేదానికి మగ్గం వెనకకు పోతి. గుండీలు, తాళంచెవుల మధ్యన నాలుగు చేతులోడు ఏలాడతాండాడు. నాలుగు చేతులకూ పోగు చుట్టుకొని, నొసటన మా అత్త పెట్టిన కుంకుమతో.

"ఇదేంది?"

"నిన్న మద్యాన్నం ఒక పోగు పాయె. ఏది కట్టినా బరువెక్కువైతాండె. డబ్బాలో నుంచి తీసుకుంటి. చేతులు నాలుగుండాయి గదా, పోగు నిలుస్తాది. చెల్లికి చెప్పల్ల అనుకుంటి, మరిచిపోతి" అని, నా మొగం చూసి, "ఏం, అడిగిందా?" అన్నాడు.

అడిగిందని చెప్తి. మిగతాది చెప్పలేదు. ఆయన లేచి నిలబడినాడు.

"బస్సు ఇంగా కదిలుండదు. ఇచ్చొచ్చేదా?"

నేను చెంబులో నీళ్లు కొంచెం కొంచెంగా గుంత చుట్టూ చల్లితి. అయిపోయేదాకా చల్లితి.

"ఇప్పుడు విప్పితే పోగు జారిపోతాది. ఉండనీ" అంటి.

ఆయన మళ్లా గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. మగ్గం ఆడింది. నేను రాట్నం ముందర, ఆమె పీట మీద కూర్చొని కండె చుట్టితి. రెండుసార్లు తెగింది. మద్యాన్నానికి ఆ బొమ్మ జానెడు పైకెక్కింది.