వెనక వచ్చే పని సెల్లత్తాయిది

సెల్లత్తాయికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ముప్పై ఏళ్లు అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసిన మనిషి. యంత్రాల మోతలో అరిచి లాభం లేదని, దగ్గరికి వెళ్లి చెబితేనే పని జరుగుతుందని అక్కడే నేర్చుకుంది. అందుకే ఆమె మెల్లగా మాట్లాడటం మొదలుపెడితే తమిళనాట మా కోవిల్‌పట్టిలో తెలిసినవాళ్లు కాస్త సర్దుకుని కూర్చుంటారు.

పుట్టింది ఒట్టపిడారం దగ్గర నల్లరేగడి పల్లెలో, పత్తీ సజ్జా పండించే తెలుగు ఇంట్లో. పెళ్లయి కోవిల్‌పట్టికి వచ్చింది. యాభై మూడో ఏట చక్కెర జబ్బు బయటపడింది. రోజూ నడవమన్నాడు డాక్టరు. ఎక్కడ నడవాలో చెప్పలేదు. ఆమె వీధిలో ఒక పక్క మురుగు కాలువ, ఇంకో పక్క వరసగా బైకులు.

ఆ రోజుల్లోనే, 2017లో, సైకిల్ షాపు నడిపే పాండియరాజన్ మా ఊళ్లో ఆదివారం పరుగు మొదలుపెట్టాడు. ఊరి పెద్దల కమిటీ చేతిలో ఉన్న మైదానంలో, పొద్దున ఆరింటికి, ఐదు చుట్లు, అంటే ఐదు కిలోమీటర్లు. రుసుము లేదు, బహుమతి లేదు. పరుగెత్తినా సరే, నడిచినా సరే. నేను బడి పంతులమ్మను. రెండో వారం నుంచి వెళ్లేదాన్ని.

మొదటి నెలలో ఒక ఆదివారం కరుప్పాయి వచ్చింది. కళుగుమలై వైపు నుంచి వచ్చి మా ఊళ్లో ఇంటి దగ్గరే అగ్గిపెట్టెలు అంటించుకుని బతికే మనిషి, బాగా లావు. ఆమె చివరి చుట్టు ముగించేసరికి మేం బల్లలు మడిచేసి, నీళ్ల క్యాను కూడా బండి ఎక్కించేశాం. ఆమె గడ్డిలో కూలబడి ఏడ్చింది. ఇక రానంది. సెల్లత్తాయి వెళ్లి పక్కన కూర్చుంది.

"ఏంటికి ఏడుస్తావు? వచ్చే వారం నీ వెనక నేను వస్తాను. నన్ను మించి ఎవురూ కడపట రాలేరు."

అన్నమాట ప్రకారం మూడేళ్లు అందరికన్నా వెనక వచ్చింది. ఆమె తలచుకుంటే ముప్పై ఎనిమిది నిమిషాల్లో ముగించగలదు, నేను చూశాను. అయినా మోకాళ్లు నొప్పులున్న వాళ్లతోనో, బాలింతలతోనో, కరుప్పాయితోనో మాట్లాడుతూ గంటంబావు నడిచేది. ఆమె గీత దాటేదాకా ఎవరూ బల్ల మడవకూడదు, అదే మా ఒకే ఒక్క నియమం. నూట పది మంది వచ్చేవాళ్లం. సగం మంది ఆమె ముందు నడిచినవాళ్లే.

2020 మార్చిలో కరోనా వచ్చి మైదానానికి తాళం పడింది. దాని గురించి సెల్లత్తాయి ఒక్క మాట అనలేదు. ఊళ్లో మనుషులు పోతున్నారు. ఆమెతో పాతికేళ్లు ఒకే బల్ల దగ్గర పనిచేసిన మనిషి రెండో అలలో పోతే దూరం నుంచి కూడా చూడలేకపోయింది. తాళం సరైనదే.

కానీ తర్వాత ఒక్కొక్కటే తెరిచారు. సారా దుకాణాలు తెరిచారు. సినిమా హాళ్లు తెరిచారు. కల్యాణ మండపాల్లో వెయ్యి మంది పక్కపక్కన కూర్చుని భోజనాలు చేశారు. 2022 వేసవికి ఆంక్షలన్నీ ఎత్తేశారు. మైదానం గేటుకు మాత్రం 'కరోనా కారణంగా అనుమతి లేదు' అన్న అట్ట అలాగే వేలాడింది. జూన్‌లో ఆ అట్ట తీశారు, మాకోసం కాదు. లోపల వస్తు ప్రదర్శన పెట్టి, రంగులరాట్నం తిప్పి, నెలరోజులు సాయంత్రాలు ఊరంతటినీ లోపలికి రానిచ్చారు. ప్రదర్శన అయిపోగానే అదే అట్టను మళ్లీ కట్టారు.

ఆ నెలలోనే కరుప్పాయి కాలి వేళ్లు రెండు తీసేశారు. ఆమెకూ చక్కెర జబ్బే. రెండేళ్లు ఒంటిగదిలో కూర్చుని పెట్టెలు అంటించేసరికి అది ముదిరిపోయింది. ఆస్పత్రిలో సెల్లత్తాయితో ఆమె తమిళంలో అన్న మాట ఇది: "ఆదివారం ఉండుంటే నడిచేదాన్ని అక్కా. ఒక్కదాన్నే వీధిలో నడిస్తే నవ్వుతారు."

సెల్లత్తాయి ఇంటికి వచ్చి అన్నం తినలేదు. మరుసటి ఆదివారం తొలి బస్సెక్కి సాత్తూరు మీదుగా విరుదునగర్ వెళ్లింది. అక్కడ ఇలాంటి పరుగే మే నెలలో మళ్లీ మొదలైందని విన్నది. దాన్ని నడిపేది బాలచందర్ అని మరమగ్గాల ఇంటివాడు, తెలుగువాడే.

"ఎవురన్నా రావచ్చునా తమ్ముడూ?" అని అడిగిందట.

"కాళ్లు ఉండేవాండ్లంతా రావచ్చుమ్మా. కాళ్లు లేనాయన ఒకాయన మూడు చక్రాల బండిలో వస్తాడు. అద్దో, వచ్చేసినాడు చూడండి."

ఆ రోజు ఆమె ఆ బండి వెనకే నడిచి ముగించింది. అందరూ ఎండలో నిలబడి చప్పట్లు కొట్టారు. తిరుగు బస్సులో సంతోషంగా రావాల్సిన మనిషి మండుతూ వచ్చింది. ఇది యాభై కిలోమీటర్ల అవతల చేయగలిగిన పని, మన ఊళ్లో ఎందుకు చేయలేరు?

పాండియరాజన్ని వెంటబెట్టుకుని నాలుగుసార్లు కమిటీ గుమ్మం ఎక్కింది. చివరికి సెప్టెంబరులో పిలిచారు. కమిటీ కార్యదర్శి దామోదరసామి ఆమెకు తల్లి వైపు దూరపు తమ్ముడు. నేనూ వెళ్లాను. ఆయన కాగితం తీసి చదివాడు. పరుగు మళ్లీ పెట్టుకోవచ్చు. కానీ పద్దెనిమిది నుంచి యాభై ఏళ్లవాళ్లే రావాలి. డాక్టరు కాగితం తేవాలి. నలభై నిమిషాల్లో ముగించాలి. ఆపైన గేటు మూసేస్తారు.

సెల్లత్తాయికి అప్పటికి యాభై ఎనిమిది.

"మీ మంచికే చెప్తా ఉండాము అక్కా. వయసైనోళ్లకు ఏమన్నా ఆయెనంటే ఎవురు బదులు చెప్పేది?"

ఆమె గొంతు తగ్గింది. "జూన్‌లో ఈడనే రంగులరాట్నం తిప్పితిరే, దాంట్లో నా వయసోళ్లు ఎక్కలేదా? బజ్జీలు తినలేదా? అప్పుడు ఎవురు బదులు చెప్తిరి?"

"అది వేరే, ఇది వేరే."

"ఏం వేరే? చెప్పు. నేను కూసోనే ఉండాను."

ఆయన విసుక్కున్నాడు. "పరుగంటే పరుగుగా ఉండాల అక్కా. సిన్నగా నడిచేవాండ్ల కోసరం కూట్టమంతా కాచుకోని ఉండాలనా?"

"ఉండాల. మూడేండ్లు ఉంటిమి. ఎవురికి ఏం తగ్గిపాయె?"

దామోదరసామి కాగితాన్ని పాండియరాజన్ ముందుకు తోశాడు. పాండియరాజన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, ముందు మొదలుపెడ్దాము. మొదలైనంక ఒగొగటిగా సరి చేసుకుందాము."

ఆమె ఆ చేతిని వదిలించుకుంది. "ఒగొగటిగా అంటే ముందు ఎవుర్ని విడిచిపెట్టేది పాండీ? కరుప్పాయినా? నన్నా? మీ అమ్మనా?"

పాండియరాజన్ తల దించుకుని సంతకం పెట్టాడు. నేను ఏమీ అనలేదు. నాకు ముప్పై తొమ్మిదేళ్లు, నాకు ఏ నిబంధనా అడ్డు కాదు. ఇవాళ ఇది రాస్తుంటే ఆ మౌనం నాకే అసహ్యంగా ఉంది.

అక్టోబరు రెండో ఆదివారం మళ్లీ పరుగు. గేటుకు రిబ్బను కట్టారు, మైకు పెట్టారు. నీళ్ల గ్లాసులు అందించడానికి రమ్మని సెల్లత్తాయికి కబురు చేశారట. 'పెద్దవాళ్లకు గౌరవంగా ఉంటుంది' అన్నారట. ఆమె వచ్చింది, కానీ నీళ్లు అందించడానికి కాదు. పద్నాలుగు మంది ఆడవాళ్లు ఆమె వెంట ఉన్నారు. అందరిలోకి ముందు కరుప్పాయి, కాలికి పట్టీ, చేతిలో కర్ర. గేటు కాపలాదారు వయసులు అడగబోతే సెల్లత్తాయి దగ్గరికి వెళ్లి మెల్లగా చెప్పింది.

"మేము లోపలికి రాము. రోడ్డు మీ కమిటీది కాదు కదా?"

లోపల మైకులో ఈల వినబడగానే వాళ్లు బయట, ప్రహరీ గోడ పక్కన నడవడం మొదలుపెట్టారు. గోడ నడుమెత్తే ఉంటుంది. లోపల పరుగెత్తే మాకు ప్రతి చుట్టులోనూ వాళ్ల తలలు కనబడుతూనే ఉన్నాయి. నేను ముప్పై ఒక్క నిమిషాల్లో ముగించాను. దామోదరసామి చెయ్యి కలిపాడు. నలభై నిమిషాలకు, నాలుగో చుట్టులో ఉన్న ఒక లావుపాటి కుర్రాణ్ని కూడా బయటికి పంపి గేటు మూశారు. అతను సిగ్గుతో ఎవరి మొహమూ చూడలేదు.

బయటికొచ్చిన అతన్ని సెల్లత్తాయి పిలిచింది. "ఇంకా అయిపోలేదు నాయనా. రా, నా ముందర నడువు."

ఆ రోజు అందరికన్నా ముందు వచ్చిన కార్తిక, కాలేజీ పిల్ల, గేటు తోసుకుని బయటికొచ్చి వాళ్లలో కలిసింది. తర్వాత నేను వెళ్లాను. తర్వాత చాలామంది. పాండియరాజన్ అందరికన్నా ఆలస్యంగా వచ్చి, చేతిలో పుస్తకంతో రోడ్డు మీద నిలబడ్డాడు. ఎండ ముదిరాక కరుప్పాయి ఆగిపోతే ఆమె పేరు రాసి, ఎదురుగా 'రెండు చుట్లు' అని రాశాడు. సెల్లత్తాయి పేరు చివరన రాశాడు. ఆమె అతనితో మాట్లాడలేదు.

ఆరు ఆదివారాలు ఇలాగే లోపలొక పరుగు, బయటొక నడక. మూడో వారానికి లోపల ముప్పై మందే మిగిలారు. ఏడో వారం గేటు దగ్గర వయసు అడగలేదు, గడియారం చూడలేదు. కమిటీ తప్పు ఒప్పుకోలేదు, కాగితమూ మార్చలేదు, అడగడం మానేసిందంతే. సెల్లత్తాయి లోపలికి అడుగుపెట్టే ముందు ఆ కాగితం రద్దయినట్టు రాసి సంతకం చేయమని నిలబడింది. పావుగంట వాదన. దామోదరసామి పళ్లు కొరుక్కుంటూ సంతకం చేశాడు. ఇప్పటికీ పెళ్లిళ్లలో ఎదురుపడితే ఇద్దరూ మొహాలు తిప్పుకుంటారు. పాండియరాజన్ని మాత్రం ఏడాది తర్వాత, అతని తల్లి నడవడానికి వచ్చిన రోజున, ఆమే పలకరించింది.

కరుప్పాయి ఇప్పుడు నాలుగు చుట్లు నడుస్తుంది. తీసేసిన వేళ్లు తిరిగి రావు. ఎవరైనా మర్యాదకు 'పోనీలే అక్కా, అంతా మంచే జరిగింది కదా' అంటే సెల్లత్తాయి ఒప్పుకోదు. "ఏం మంచి? వాండ్లు సినిమా హాళ్లతోబాటే మాకూ గేటు తెరిచి ఉంటే?" అంటుంది.

మైదానంలో ఆడవాళ్ల మరుగుదొడ్డి ఒకటుంది. దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో కమిటీలో ఎవరికీ తెలియదట. పోయిన నెల నుంచి ఆమె ప్రతి సోమవారం అర్జీ పట్టుకుని వెళ్లి, కార్యదర్శి బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంటోంది.